చివరి కుళాయి దగ్గర మొదటి గ్లాసు

నీళ్లాఫీసు పెద్దమనుషులారా, టైలరు భార్యను చంపింది మీరు. ఏడో నెల కడుపుతో ఉన్న మనిషిని. ట్యాంకు కింద నిలబడి సీసా నింపారు, సీసాలో నీళ్లు భేషుగ్గా ఉన్నాయని రాశారు, గుండ్రటి ముద్ర కొట్టి ఫ్యాను కింద కూర్చున్నారు. ట్యాంకు నుంచి మా వీధి చివరికి తొమ్మిది వందల అడుగులు. నేను కొలిచాను. అంత దూరం నడవడానికి మీలో ఒక్కరికీ కాళ్లు రాలేదు.

ఈ మాట ఆమె చనిపోయిన వేసవిలోనే మీ మొహం మీద అన్నాను. ఇప్పుడు మళ్లీ ఎందుకు తవ్వుతున్నానంటే, పోయినవారం మీ ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది. మిల్లు వెనక కొత్త వీధుల్లో తొమ్మిదిమందికి కళ్లు పచ్చబడితే, నీళ్లలో దోషం లేదట. అదే ముద్ర, అదే ట్యాంకు. అందుకని ఆ వేసవి సంగతంతా రాస్తున్నాను. నన్ను నేను దాచుకుని రాయను. మీ పక్కన నేను కూడా నిలబడాల్సిన చోటు ఇందులో ఒకటుంది. దాన్ని మింగేసి రాస్తే మా మావయ్య పెట్టె ముట్టుకునే అర్హత నాకు లేదు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. సైన్యంలో ఇంజనీరు. ఇరవై రెండేళ్లకి చేరితే వంతెనలు కడతాడనుకున్నారు, కొండలు పేలుస్తాడనుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చూసింది సైనికుల తాగునీళ్లు, మురుగుకాలవలు, మరుగుదొడ్లు. పటాలం ఎక్కడికి పోతే అక్కడ అందరికంటే ముందు దిగి, నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలో, మలం ఎక్కడ పూడ్చాలో గీత గీసేవాడు. "తుపాకీ పట్టమని పంపితే పార పట్టుకొచ్చాడు" అని అమ్మ నలుగురిలోనూ అనేది. బంధువుల్లో ఆయనకి మరుగుదొడ్ల మేజరని పేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"పోనీలేవే అక్కా. ఫిరంగితో పని ఏడాదికోసారి. నాతో పని రోజూ పొద్దున్నే" అనేవాడు.

పెళ్లీ పెటాకులూ లేవు. పదవీ విరమణ అయ్యాక ఆ వేసవి మొదట్లో మా ఇంటి పైగదిలోకి వచ్చాడు. ఒక ట్రంకుపెట్టె, ఇంకో చిన్న రేకుపెట్టె. ఇంట్లో అప్పటికి అమ్మ, నేను, బస్సు డిపోలో పనిచేసే తమ్ముడు, వాడి భార్య. మరదలికి అయిదు నిండి ఆరో నెల. నేను రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుడతాను. బడి అయిదో తరగతితో సరి. మిగతా చదువంతా కరపత్రాల్లో చదువుకున్నదే. నా నోరంటే వీధికి ధైర్యం, ఆఫీసుకి తలనొప్పి.

మా వీధికి నీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా. మావయ్య వచ్చిన మర్నాడు ఆరు కొట్టగానే వీధంతా తేనెపట్టులా మోగింది. ఆయన బనీనుతోనే కిందికి దిగి వచ్చాడు.

"ఏమిటమ్మా ఆ మోత?"

"మోటార్లు మావయ్యా. కుళాయి లైనుకే బిగించుకున్నాం."

"ఎంతమంది?"

"నలభై ఇళ్లలో ఇరవై ఆరు. ఊరికే రాలేదు, పోరాడి సాధించాం."

గొప్పగా చెప్పాను. రెండేళ్ల కింద వీధి చివరికి చుక్క వచ్చేది కాదు. మొదట మా ఇంట్లో మోటారు బిగించాను, తరవాత ఇంటింటికీ తిరిగి బిగించుకోమన్నాను. ఆఫీసు మనుషులు కోసెయ్యడానికి వస్తే పదకొండుమంది ఆడవాళ్లం మోటార్ల మీద ఎక్కి కూర్చున్నాం. "లేవండమ్మా" అన్నాడు వాళ్లలో ఒకడు. "పెళ్లిపీటల మీంచే లేవలేదు, నీ మాటకి లేస్తామా" అంది మా అమ్మ. పోయారు. 'మోటారు మా హక్కు' అని కల్వర్టు గోడ మీద ఎర్ర రంగుతో రాసింది నేనే.

మావయ్య మెచ్చుకుంటాడనుకున్నాను. కుళాయి నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకి పెట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తాగకుండా చెట్టుకి పోశాడు.

"కోడలికి ఎన్నో నెల?"

చెప్పాను.

"ఈ పూట నుంచి ఆ అమ్మాయి తాగే నీళ్లు నేను కాస్తాను. తెర్లాలి, పైన మూత ఉండాలి, అందులో ఎవరూ చెయ్యి ముంచకూడదు."

అమ్మ నవ్వు ఆపుకోలేదు. "ముప్పై ఏళ్లు వంటింట్లో అడుగు పెట్టనివాడు వచ్చీ రాగానే పొయ్యి మీద పడ్డాడు. ఒరేయ్, మేం నిన్నటిదాకా తాగింది విషమా?"

"తెలీదక్కా. తెలిసేదాకా కాచుకుందాం" అన్నాడు.

అలా రోజూ కాచాడు. తెల్లగుడ్డ కట్టిన స్టీలుబిందె ఒకటి పైగది మెట్టు మీద ఉండేది, దాని పక్కన చేతిగరిటె. మరదలు దాన్ని "బాబాయిగారి కంటోన్మెంటు" అనేది. దాహమేసినప్పుడల్లా మెట్ల దగ్గర నిలబడి సెల్యూట్ కొట్టి మరీ తాగేది. ఆయన కూడా తిరిగి కొట్టేవాడు.

మూడు వారాలకి టైలరు భార్య పడకేసింది. ఎదురింటి పిల్ల, మా మరదలికంటే ఒక నెల ముందు. ఇద్దరూ మధ్యాహ్నాలు ఒకే అరుగు మీద కూర్చునేవాళ్లు. జ్వరం, వాంతులు, కళ్లు పసుపు. ఎనిమిదో రోజు ఆస్పత్రి నుంచి టైలరు ఒక్కడే తిరిగొచ్చాడు. అప్పటికి వీధి కింది సగంలో ఇంకో పద్నాలుగుమందికి కళ్లు పచ్చబడ్డాయి. పై సగంలో ఒక్కరికీ లేదు. అది నేను చూసుకోలేదు. మావయ్య చూశాడు.

ఆ మధ్యాహ్నం మరదలు నా చెయ్యి పట్టుకుని వంటింటి మూలకి లాక్కుపోయింది.

"వదినా, ఒకటి చెప్తాను, తిట్టకు."

"చెప్పు."

"తను పడకేసే ముందురోజు వాళ్లింట్లో గ్లాసుడు నీళ్లు తాగాను. ఎండగా ఉంది. తనే ముంచి ఇచ్చింది. కాదంటే బాగోదని..."

తిట్టలేదు. మెట్లెక్కి మావయ్యకి చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"తాగి తొమ్మిది రోజులు. ఈ జబ్బు లోపల దాక్కుంటే రెండు నెలల దాకా బయటపడచ్చు. ఇంకా నలభై ఏడు రోజులు చూడాలి."

"వస్తే?"

"మామూలు మనిషైతే నీరసపడి లేస్తారు. కడుపుతో ఉన్నవాళ్లకి అలా కాదు." మిగతాది చెప్పక్కర్లేదు, ఎదురుగా అరుగు ఖాళీగా ఉంది.

మర్నాటి నుంచి పొద్దున్నే మరదలిని తూర్పు కిటికీ దగ్గర నిలబెట్టి, "కళ్లు పైకెత్తమ్మా" అని కింది రెప్ప వేలితో లాగి చూసేవాడు. చూసి, "తెలుపు" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం తమ్ముడు డిపోకి పోకుండా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాడు. విన్నాకే కదిలేవాడు.

నేను మాత్రం ఆఫీసు మీదకి పోయాను. నాకు తెలిసిన పని అదే. ముప్పైమందిని వెంటేసుకుని వెళ్లాను. మావయ్య వెనక వరసలో వచ్చాడు. పెద్ద ఇంజనీరు కుర్చీలోంచి లేవకుండానే కాగితం తీసి నా వైపు తోశాడు.

"పరీక్ష రిపోర్టమ్మా. నీళ్లు బాగున్నాయి. చదవడం వచ్చుగా?"

"వచ్చు. తమరికి నడవడం వచ్చా?"

వెనక నవ్వారు. మావయ్య ముందుకొచ్చి కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"సీసా ఎక్కడ నింపారండీ?"

"ఎక్కడేమిటి, ట్యాంకు దగ్గర."

అంతే. మావయ్య కాగితాన్ని మడతల మీదే మడిచి బల్ల మీద పెట్టాడు. బయటికొచ్చాక కోపం పట్టలేక అడిగాను.

"ఒక్క మాటైనా అనవేం మావయ్యా? సైన్యంలో ఇదేనా నేర్పింది?"

"ఇలాంటి కాగితం నేనూ ఒకటి రాశానమ్మాయ్" అని, నాకంటే ముందు నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి రేకుపెట్టె తెరిచాడు. అందులో ఒక నల్ల కప్పు, ఆరు తెల్ల కప్పులు, ఒక చిన్న మందు సీసా. గంజిలాంటిదేదో కలిపిన మందు. నీళ్లలో రెండు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఇంకా బతికుంటే నీలం వస్తుంది. మురుగు కలిసిందంటే క్లోరిన్ని అది తినేస్తుంది, రంగు రాదు.

వీధి మొదటి కుళాయి దగ్గర పట్టాడు. ముదురు నీలం. ఇస్త్రీ కొట్టు ముందర నీలం. కల్వర్టు ఇవతలి ఇల్లు, అక్కడా నీలమే. కల్వర్టు దాటి మొదటి ఇంట్లో పట్టాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అక్కణ్ణుంచి మా ఇంటిదాకా పద్దెనిమిది ఇళ్లలో ఒక్క కప్పూ రంగు మారలేదు. మారేదాకా చూద్దామన్నట్టు టైలరు ఇంటి ముందు కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

నాకు సంబరం. "దొరికారు. కల్వర్టు కింద మురుగుకాలవలోంచి పోతోంది గొట్టం. అతుకు ఊడింది. వాళ్ల గొట్టం, వాళ్ల అతుకు. పద ఆఫీసుకి."

"ఆగు. రేపు ఒక్క పూట మోటార్లన్నీ ఆపించు. ఒక్కటీ తిరగకూడదు."

ఎందుకని అడగలేదు. ఎందుకో నాకు అప్పటికే లోపల ఎక్కడో తెలిసింది. ఆపించాను. మర్నాడు కింది సగంలో నీళ్లు దారప్పోగులా వచ్చాయి. మా కుళాయి కప్పు నిండడానికి ఎంతసేపు పట్టిందో. మావయ్య రెండు చుక్కలు వేశాడు. నీలం వచ్చింది. పలచగానే, కానీ వచ్చింది.

"ఇప్పుడు మీ ఇంటి మోటారొక్కటి వెయ్యి" అన్నాడు.

స్విచ్చి నేనే వేశాను. పావుగంట తిరగనిచ్చి, కల్వర్టు దాటాక మొదటి ఇంట్లో మళ్లీ పట్టాడు. నీలం వెలిసిపోయింది. ఒక్క మోటారుకే వెలిసిపోయింది. ఇరవై ఆరు ఒక్కసారిగా పీలిస్తే ఇంకేం మిగులుతుంది?

"చిల్లిపడ్డ గొట్టం నోట్లో పెట్టి పీల్చి చూడు" అన్నాడు మెల్లిగా. "గ్లాసులోదే కాదు, బయటిది కూడా వస్తుంది."

ఆయనతో ఇంటికొచ్చి మోటారు ఆపాను. రెండేళ్లుగా నేను గెలిచానని చెప్పుకున్నది ఇదీ.

"మావయ్యా, ఈ మోటార్ల సంగతి బయటపెట్టకు. పెడితే ఆఫీసువాళ్లు మొత్తం మన నెత్తిన రుద్ది చేతులు దులిపేసుకుంటారు."

"దులుపుకోనీ. నువ్వు ముందు చేతులు కడుక్కో."

"నీకేం, నువ్వు చెప్పేసి పైకెళ్లిపోతావు. రేపట్నుంచి ఈ వీధిలో తిరగాల్సింది నేను."

ఆయనకి కోపం రాలేదు. రేకుపెట్టె మూత లోపల అతికించిన పాత కాగితం ఒకటి చూపించాడు. ముద్ర, కింద సంతకం. సంతకం ఆయనదే.

"కొండ కింద గుడారాలు. ఆరువందలమంది. ట్యాంకు దగ్గర పరీక్ష చేశాను, నీలం వచ్చింది. జీపు ఎదురుచూస్తోంది, ఇంకో చోటికి పోవాలి. చివరి కుళాయి దాకా నడవలేదు. సంతకం పెట్టేశాను."

"ఎంతమంది?"

"పడకేసింది నూట పన్నెండుమంది. లేవనిది నలుగురు. ఆ నలుగురి ఊళ్లకీ సెలవు పెట్టి నేనే వెళ్లాను. ఎవరి సంతకమో చెప్పాను."

"కొట్టారా?"

"ఒకచోట కొట్టారు. ఒకచోట తల్లి లోపలికెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చింది, దూరం నుంచి వచ్చావు తాగు బాబూ అని." ఊడుతున్న కాగితం అంచు వేలితో నొక్కాడు. "తరవాత వంతెనల మీదకి పంపుతామన్నారు, పదోన్నతి కూడా. వద్దన్నాను. నీళ్ల దగ్గరే ఉంచమన్నాను. మా దళంలో ఒక పద్ధతి పెట్టాను. నీళ్లు మంచివని సంతకం పెట్టేవాడు చివరి కుళాయి దగ్గర, అందరూ చూస్తుండగా, మొదటి గ్లాసు తాగాలి. తాగాకే కలం తియ్యాలి."

ఆయన ఉద్యోగం మొత్తం ఆ పెట్టె మూతలో ఉంది. మేం దాన్ని మరుగుదొడ్లని నవ్వాం.

ఆ పూటే పానా తీసుకుని మా మోటారు విప్పాను. ఇంటింటికీ వెళ్లాను. నా జన్మలో అడగని క్షమాపణ ఇరవై అయిదు గడపల్లో అడిగాను. తిట్టినవాళ్లు తిట్టారు. "రెండేళ్లు నువ్వే ఎక్కించి ఇప్పుడు నువ్వే దింపుతావా" అన్నారు. నిజమే కదా. పడ్డాను.

టైలరు ఇంటికి చివర వెళ్లాను. మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పాను. మొదట మోటారు బిగించమంది నేను, బిగించినవాటి మీద కూర్చోబెట్టింది నేను, నీ ఇంట్లోకి మురుగు లాగింది అవే.

అతను సూది కింద ఇరుక్కున్న దారప్పోగు లాగుతూ కూర్చున్నాడు.

"మా ఇంట్లో నువ్వు బిగించలేదక్కా. నేనే బిగించాను. బిందెలు మొయ్యలేకపోతున్నానని తనే అడిగింది."

లేచి లోపలికెళ్లాడు. విప్పే చప్పుడు వినిపించింది. మోటారు తెచ్చి గుమ్మం బయట పెట్టి, "ఎక్కడికి మొయ్యాలి?" అని అడిగాడు.

ఇరవై ఆరు మోటార్లు రెండు రిక్షాబళ్ల మీద ఆఫీసుకి తీసుకెళ్లి వరండాలో వరసగా పేర్చాం. మునపటి పెద్ద ఇంజనీరే బయటికొచ్చాడు.

"ఏమిటమ్మా ఇది?"

"మా తప్పు. తెచ్చి అప్పగించాం. మీ తప్పు కల్వర్టు కింద ఉంది, బరువు ఎక్కువ, మేం మొయ్యలేం. మీరే రండి."

ఆయన టైలరు మొహం చూశాడు. ఏం తోచిందో, చెప్పులు మార్చుకుని వచ్చాడు. నడిచే వచ్చాడు. ఆ మేరకు ఆయనకి దణ్ణం.

కల్వర్టు కింద అతుక్కి సైకిలు ట్యూబు చుట్టి తాడు కట్టి ఉంది. ఎవరు ఎప్పుడు కట్టారో ఆఫీసులో ఎవరికీ తెలీదట. గొట్టాన్ని కాలవ పైకి లేపి కొత్తది వేసేసరికి అయిదు రోజులు పట్టింది. అయిదు రోజులూ మా మావయ్య, యాభై దాటిన మనిషి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మురుగులోనే నిలబడ్డాడు. అమ్మ గట్టు మీంచి గొడుగు పట్టుకుని, "పైకి రారా, నడుం పట్టేస్తుంది" అని సతాయిస్తూనే ఉంది. మోటార్ల బదులు ఆఫీసువాళ్లు వీధి కింది సగానికి వేరే వాల్వు పెట్టి వంతులవారీగా నీళ్లొదిలారు. బిందె నిండడానికి ఇదివరకటికంటే ఎక్కువసేపే పట్టేది. ఓపిక పట్టాం.

గొట్టం కడిగి, మందు వేసి వదిలిన రోజు వీధంతా మా కుళాయి దగ్గర పోగయ్యారు. మాదే చివరిది. కప్పులో నీలం వచ్చింది. మావయ్య గ్లాసు కోసం చుట్టూ చూశాడు. అమ్మ కొంగుతో తుడుస్తూ గ్లాసు తెచ్చి పట్టి ఇచ్చింది.

"తాగరా. నువ్వు తాగితేనే మేం తాగేది."

తాగాడు. ఆ తరవాత ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఎవరి ముందూ పార సంగతి ఎత్తలేదు.

కానీ మా ఇంట్లో లెక్క ఇంకా అవలేదు. ముప్పై నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. పొద్దున్నే కిటికీ, వేలు, రెప్ప, "తెలుపు". నేను కార్ఖానాలో కాలర్లు కుడుతూ పసుపు గుడ్డ వస్తే పక్కమిషనుకి తోసేసేదాన్ని. ఒకరోజు ఆయన చూసి వెంటనే చెప్పలేదు. తమ్ముడు గుమ్మం పట్టుకున్నాడు. మావయ్య కర్టెను పక్కకి లాగి మళ్లీ చూశాడు. "ఎండ పడిందంతే. తెలుపు" అన్నాడు. తమ్ముడు ఆ రోజు డిపోకి వెళ్లలేదు, అరుగు మీద కూర్చుండిపోయాడు.

యాభై ఆరో రోజు మబ్బు పట్టింది. వెలుతురు చాలక మరదలిని వాకిట్లోకి రమ్మన్నాడు. చూశాడు. "తెలుపు" అన్నాడు. "రేపట్నుంచి నాకు పనిలేదమ్మా." మరదలు సెల్యూట్ కొట్టబోయి, చెయ్యి సగం లేపి ఏడ్చేసింది. చినుకులు మొదలయ్యాయి. ఎవరూ లోపలికి పోలేదు.

ఆ తరవాత నెలన్నరకి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఇప్పుడు నాలుగో తరగతి. నోరు నా పోలికంటారు. దానికి మొట్టమొదట కాచిన నీళ్లతో స్నానం చేయించింది ఎవరో తెలుసా? టైలరు తల్లి. అడగకుండానే వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డని ఇవ్వమంది.

మావయ్య పోయి రెండేళ్లు. రేకుపెట్టె నాకిచ్చాడు. సైన్యంలో ఆయన కాపాడినవాళ్లు ఎంతమందో ఎవరికీ లెక్క తెలీదు. జబ్బు రానివాళ్లకి తమని ఎవరు కాపాడారో తెలీదు కదా. మా ఇంట్లో మాత్రం తెలుసు. ఆ పిల్ల బడికి పోతూ కుళాయి తిప్పి దోసిట్లో నీళ్లు తాగినప్పుడల్లా నాకు తెలుసు. నా తప్పు నా చేతికే ఇచ్చి, దాన్ని మొయ్యడం కూడా నేర్పి పోయాడు. ఇంతకంటే మేలు నాకు ఏ నాయకుడూ చెయ్యలేదు.

కొత్త వీధులకి నిన్న పొద్దున పెట్టె తీసుకుని వెళ్లాను. మొదటి కుళాయి నీలం. చివరి కుళాయి దగ్గర రంగు రాలేదు. అక్కడా మోటార్లున్నాయి, విప్పించే పని నాది, మొదలుపెట్టాను. మిగతాది మీది. గొట్టాన్ని కాలవలోంచి పైకి తియ్యండి. రెండు గంటలు నీళ్లు వదిలి కట్టేసే పద్ధతి మానండి, ఖాళీ గొట్టం ఊరుకోదు, పక్కనున్నదాన్ని లాక్కుంటుంది, ఎప్పుడూ నిండుగా ఉంచండి. అక్కడ ముగ్గురు కడుపుతో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో కిటికీ దగ్గర నిలబెట్టి కళ్లు చూసే మావయ్య లేడు.

ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోండి. ఇంకొకటి రాసేముందు, సంతకం పెట్టేవాడెవడో వాడు రేపు పొద్దున ఆరింటికి కొత్త వీధుల చివరి కుళాయి దగ్గరికి రావాలి. నడిచి రావాలి. అందరూ చూస్తుండగా మొదటి గ్లాసు తాగాలి. తాగాకే కలం తియ్యాలి. గ్లాసు మేం కడిగి ఉంచుతాం.